కుళ్ళిన కర్రలే తెప్పించుకున్న ఏడాది

మొన్న కలిదిండి దగ్గర ఒక చేపల చెరువులోంచి పాత వెదురుకర్రను పీకి గట్టున పడేస్తే గుప్పున వాసన వచ్చింది. నీచు కాదు, బురద కాదు. ముక్కు వెనక నిలిచిపోయే వాసన. పక్కనున్నవాళ్ళు ముఖం తిప్పుకున్నారు. నాకు మాత్రం దీవెనమ్మగారు గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండింది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఏలూరులోని ఒక కళాశాలలో ఆవిడ జంతుశాస్త్రం లెక్చరరు, నేను డిమాన్‌స్ట్రేటరును. ఆవిడ పెంటపాడు బడిపంతులుగారి అమ్మాయి. ఉద్యోగం తాత్కాలికం, పరిశోధన వ్యాసం ఒకటి ప్రచురణకు పంపితే ఖాయం చేస్తామని యాజమాన్యం మాట ఇచ్చింది. ఆవిడ ఎంచుకున్నది కొల్లేటి స్పంజికలను. నీళ్ళలో పాతిన కర్రలకు ఆకుపచ్చని పెచ్చులా పట్టి పెరుగుతాయి. చూడటానికి పాచిలా ఉన్నా జంతువులే, ముట్టుకుంటే దురద. ఆ ఏడు అవి బూడిదరంగుకు తిరిగి, అదే వాసనతో జిగటగా కుళ్ళి రాలిపోతున్నాయి. ఆ జబ్బు ఏ సూక్ష్మజీవి వల్ల వస్తోందో తేల్చాలని ఆవిడ పట్టుదల.

కర్రలు తెచ్చిచ్చేవాడు కొండయ్య అనే జాలరి. కుళ్ళిన ప్రతి ముక్కలోనూ మైక్రోస్కోపు కింద ఒకే రకం, పుల్లల్లాంటి సూక్ష్మజీవులు గుంపులుగా కనిపించాయి. నెలల తరబడి అవే. వ్యాసం టైపయింది, కవరు మీద చిరునామా కూడా రాశాను. అప్పుడు ఆవిడ కళ్ళద్దాలు తీసి, "సత్యం, బాగున్న స్పంజికను మనం ఒక్కసారైనా చూశామా?" అన్నారు.

"మన వ్యాసం జబ్బు గురించి కదండీ."

"బాగున్నప్పుడు దాని ఒంట్లో ఎవరెవరు కాపురం ఉంటారో తెలుసుకోలేదు. చచ్చాక అక్కడ దొరికినవాణ్ణి పట్టుకున్నాం."

కొండయ్యకు కబురు పెట్టాం. అతను పచ్చని స్పంజిక పట్టిన కర్రను కళాశాల మెట్ల మీద పడేసి, చేతులు గోక్కుంటూ, "ఏవండీ అమ్మగారూ, ఇన్నాళ్ళూ కుళ్ళినవే తెమ్మన్నారు. బాగున్నవన్నీ దురదని గీకి పారేశామండి. ఇకనుంచి చేపలు మానేసి కర్రలే పట్టమంటారేంటండి?" అన్నాడు.

ఆ పచ్చని ముక్కలోనూ అవే పుల్లలు, ఇంకా బోలెడు ఇతర జీవుల మధ్య హాయిగా ఉన్నాయి. అవి హంతకులో, ఆ ఇంటివాళ్ళో, ఇంటివాళ్ళే హంతకులుగా మారారో తేల్చాలంటే మరో ఏడాది కావాలి. ఉద్యోగం ఖాయం చేసే ఎంపిక కమిటీ వచ్చేది మరుసటి వారం.

"ఈ పుల్లల మీద అనుమానం ఉందని రాసి పంపేద్దామండీ," అని బతిమాలాను.

"మనం అనుమానం అని రాస్తాం. చదివేవాళ్ళు అదేనని చదువుతారు."

కవరు పంపలేదు. ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆవిడ తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల బడిలో చేరారు. అక్కడ మైక్రోస్కోపు లేదు. నేను పత్రికలో చేరాక ఒకసారి వెళ్ళి, విసుగు ఆపుకోలేక, "పంపి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు కదండీ," అన్నాను.

"అవును, తెలిసేది కాదు. తప్పని చెప్పేవాళ్ళే ఉండేవారు కాదు. నా భయం అదేనయ్యా. ముందు కాఫీ తాగు, చల్లారిపోతోంది."

ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఎక్కడో ఏదో జరిగి, ఫలానావాడు అక్కడ దొరికాడని వార్త వచ్చినప్పుడు, ఏమీ జరగని రోజుల్లో అక్కడ ఎవరెవరు ఉంటారో కనుక్కోమని విలేఖరిని వెనక్కి పంపుతాను. పేజీ ఆగిపోతుంది. కుర్ర సబ్‌ఎడిటర్లు గడియారం చూసి పళ్ళు నూరుతారు. వాళ్ళనేమీ అనను.