ముసలి గుండు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి గూటి పక్కన ఒక బందూకు వేలాడుతూ ఉండేది. బందూకంటే తళతళలాడే వస్తువేమీ కాదు. నల్లబడిన కర్ర, చేతులు తగిలి తగిలి నునుపెక్కిన ఇనుము. దానికి ఒక్కసారికి ఒక్కటే తూటా పట్టేది. గురి తప్పితే, తెరిచి ఇంకో తూటా పెట్టుకునేలోగా అడవిపంది చేను దాటి పోయేది. నిజాం కాలంలో అడవి అంచు చేలకు కాపలా కోసమని, ఉర్దూలో రాసిన కాగితంతో పాటు అది మా తాత చేతికి వచ్చిందట. దాని చప్పుడుకే ఆయన కుడి చెవి పోయింది. అందుకని నేనెప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే నడిచేదాన్ని.

మాది రాజురా వైపు పల్లె. మా ముందటివాళ్ళు ఎప్పుడో వచ్చి అడవి నరికి చేలు చేసుకున్నారు. ఊరికి దగ్గరగా పత్తి, అడవి అంచున జొన్న వేసేవాళ్ళం. ఆ జొన్న చేనే మాకు ఏడాది తిండి. అది పందుల పాలైతే మాకు అంబలి కూడా ఉండేది కాదు. కాబట్టి ఆ బందూకు మా ఇంట్లో ఎద్దుల జతంత ముఖ్యమైనది.

జొన్న కంకి పాలు పట్టే రోజుల్లో ఒక పొద్దున మా తాత పెరట్లో కుంపటి రాజేసేవాడు. గుండ్లు పోసుకునే రోజు అది. పాత సీసం ముక్కలు ఇనుప గంటెలో వేసి కరిగించి, పైన తేలిన తెట్టు తీసేసి, పటకారులా రెండుగా తెరుచుకునే అచ్చులో పోసేవాడు. పొగ నా వైపు రాకుండా నన్ను గాలి చూసి కూర్చోబెట్టేవాడు. కాసేపాగి అచ్చు తెరిస్తే గుండు టప్పున కింద పడేది. మొదట్లో వచ్చే రెండు మూడు గుండ్లు ఎప్పుడూ ముడతలు ముడతలుగా వచ్చేవి. వాటికి నేను ముసలి గుండ్లని పేరు పెట్టాను. "అగో తాతా, ఇంకో ముసల్ది" అని నేను నవ్వితే, ఆయన తానూ నవ్వి దాన్ని మళ్ళీ గంటెలో వేసేవాడు. ఆ తరువాత వరసగా నున్నటివి వచ్చేవి. వాటిని ఏరి పళ్ళెంలో పెట్టడం నా పని.

ఆ పని అయ్యాక, కాల్చిన పాత ఇత్తడి తూటాలను మళ్ళీ నింపుకునేవాడు. మా ఇంట్లో ఉన్నవే ఆరు. అప్పుడు మాత్రం నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "మందుకాడికి నువ్వు రావద్దు బిడ్డా" అని పంపేసేవాడు. తుపాకిలో వేసే నల్లటి పొడిని మేం మందు అంటాం. దాన్ని ఆయన ఏడాదికోసారి చాందా పోయి, అనుమతి ఉన్న దుకాణంలో కొని తెచ్చేవాడు. దుకాణంవాడు రాసిచ్చిన చీటీలన్నీ ఒక రేకు డబ్బాలో దాచేవాడు. మందుకు నాకు తెలిసిన పేరు అదొక్కటే.

అవి రాష్ట్రాలను విడదీసి కలిపిన రోజులు. మేం కదలలేదు, మా ఊరూ కదలలేదు. అయినా అదిలాబాదు జిల్లావాళ్ళం కాస్తా మరాఠీ రాష్ట్రంవాళ్ళమైపోయాం. కొంతకాలానికి, ఇప్పుడు చంద్రపూర్ అంటున్న చాందా జిల్లాలో కలిపారు. మా మేనత్తను, అంటే బాపు చెల్లెలిని, ఇచ్చిన ఊరు రెండు కోసుల దూరమే, అది తెలుగులోనే మిగిలింది. మా బడిలో ఉర్దూ మాస్టరు పోయి, వరోరా నుంచి ఒక గురూజీ వచ్చాడు. రెండేళ్ళలో నేను మరాఠీ గడగడా చదవడం మొదలుపెట్టాను. ఊళ్ళో ఎవరికి కాగితం వచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకన్నా ఏం కావాలి? నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

అట్లాంటప్పుడు ఒక కాగితం మా ఇంటికే వచ్చింది. బందూకు ఉన్నవాళ్ళంతా దాన్నీ, పాత కాగితాన్నీ తెచ్చి కచేరీలో చూపించి, కొత్త కాగితం రాయించుకోవాలట. మా తాతకు ఉర్దూ బాగా వచ్చు. మరాఠీ అంటే సంతలో బేరమాడే మటుకు వచ్చు. పైగా అప్పటికి ఎడమ చెవి కూడా మందగించింది. మా బాపుకు పత్తి చేలో పని తెమలలేదు. కాబట్టి నన్ను తీసుకుపోయాడు. బాపు తల్లి, మా బాపమ్మ, నా తలకు నూనె పెట్టి రెండు జడలేసి, "సాహెబు ఏదడిగితే అది సక్కగ చెప్పు, అబద్ధమాడకు" అని మరీ మరీ చెప్పి బండెక్కించింది. రేకు డబ్బాలోని చీటీలను నేనే మడిచి తాత జేబులో పెట్టాను.

కచేరీలో సాహెబు కళ్ళజోడు పెట్టుకున్న నిదానమైన మనిషి. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. మా తాత పాత కాగితం నిజానికి చిన్న పుస్తకం, దాన్ని సాహెబు వెనక వైపు నుంచి తెరిచాడు. ఉర్దూ పుస్తకం మొదలు కుడివైపు ఉంటుందని తెలియక తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టాడు. మా తాత ఉర్దూలో ఏదో చెప్పబోతే, వినబడదని తెలుసుకుని నన్ను అడగడం మొదలుపెట్టాడు. పేరేమిటి, భూమి ఎంత, తూటాలు ఎన్ని. అన్నిటికీ టకటకా చెప్పాను. సాహెబు నవ్వి, హుషారు పిల్లవే అన్నాడు. ఆ తరువాత, "ఆజోబా దారూ కుఠూన్ ఆణతాత్?" అని అడిగాడు. తాత దారూ ఎక్కడి నుంచి తెస్తాడని.

దారూ అంటే నాకు తెలిసింది సారాయే. మా బాపమ్మ ఏటా ఇప్పపువ్వు ఎండబెట్టి, పెరట్లో బట్టీ పెట్టి కుండెడు సారా కాసేది. పోచమ్మ ముందు పెట్టడానికి కొంత, తాత మోకాళ్ళ నొప్పులకు కొంత. అబద్ధమాడొద్దని ఆమే చెప్పింది కదా. "తేరు, మేం ఇంట్లోనే చేస్తాం" అని నిటారుగా నిలబడి మరాఠీలో చెప్పాను. అంతటితో ఊరుకున్నానా? "ఫార్ చాంగలీ హోతే" అని, చాలా బాగా కుదురుతుందని కూడా చెప్పాను.

సాహెబు రాస్తున్న కలం ఆగిపోయింది. గుమ్మం దగ్గరి జవాను లోపలికి తొంగి చూశాడు. మా తాత తన ఎడమ చెవి నా దగ్గరికి వంచి, "ఏమడిగిండు బిడ్డా?" అన్నాడు. చెప్పాను. "దారు యాడికెల్లి తెస్తరని అడిగిండు. ఇంట్లనే చేస్తమని చెప్పిన" అన్నాను. మరాఠీలో తుపాకి మందును కూడా దారూ అనే అంటారని చాందా దుకాణానికి పోయివచ్చే ఆయనకు తెలుసు. బడికి పోయి పుస్తకాలు చదివిన నాకు తెలియదు. తుపాకి మందు ఇంట్లో చేసుకోవడం పెద్ద నేరం.

మా తాత చెయ్యి జేబులోకి పోయింది. చీటీలు అందులోనే ఉన్నాయి. తీసి బల్ల మీద పెడితే, మందు దుకాణంలో కొన్నదేనని తేలిపోతుంది. నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. అది అక్కడే కాసేపు ఆగింది. ఆయన జవాను వైపు చూశాడు, నా వైపు చూశాడు. తరువాత చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. "హా సాబ్, గల్తీ హోగయీ" అన్నాడు. తప్పయిపోయిందని.

సాహెబు రాస్తున్న కాగితాన్ని పక్కకు జరిపాడు. చివరికి, ముసలాయన మీద కేసు రాయలేనని, బందూకూ తూటాలూ అక్కడే వదిలిపొమ్మనీ చెప్పాడు. మా తాత బందూకును బల్ల మీద పెట్టి, ఆరు తూటాలనూ దాని పక్కన వరసగా నిలబెట్టాడు. బయటికి వచ్చేటప్పుడు భుజం మీద పట్టీ సర్దుకోబోయి, అక్కడేమీ లేకపోతే, అట్లాగే భుజం తడుముకున్నాడు. 

దారిలో బండి ఆపి, జరిగింది నాకు విడమరిచి చెప్పాడు. చీటీలు చూపిస్తే, మరి ఇంట్లో చేసేదేమిటని అడుగుతారు. సారా అని చెప్పాలి. కొత్త రాష్ట్రంలో సారా కాయడం నేరమని, కాసేవాళ్ళను పట్టుకుపోతున్నారని ఊరూరా చెప్పుకుంటున్నారు. జవాన్లు వచ్చి బట్టీ చూస్తే, పట్టుకుపోయేది బాపమ్మను. "బందూకు పోతే పోయింది. గీ ముచ్చట ఇంట్ల అనకు" అన్నాడు. నేను ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. అన్నం తినలేదు. పొద్దున లేచి పలక గోడవతల పారేసి, ఇంక బడికి పోనని, మరాఠీ ముక్క మాట్లాడనని భీష్మించుకుని కూర్చున్నాను.

మా తాత పెరట్లో కుంపటి రాజేశాడు. బందూకు లేని ఇంట్లో గుండ్లెందుకని నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. గంటెలో సీసం కరిగించి అచ్చులో పోసి తెరిచాడు. ముడతల గుండు పడింది.

"గిదెవరి తప్పు బిడ్డా?" అని అడిగాడు. సీసం మంచిది కాదేమో అన్నాను. ఆయన అదే గంటెలోని సీసాన్ని మళ్ళీ పోశాడు, మళ్ళీ పోశాడు. నాలుగోది అద్దంలా వచ్చింది.

"సీసం గదే, అచ్చు గదే. ముందుగాల అచ్చు సల్లగుండె, ఇంకా కాగలే, గంతే. నీ మరాఠీ గూడ ఇంకా కాగలే. మొదటిది ముడతే వస్తది. దానికి సీసాన్ని తిడ్తరా ఎవరన్న?"

ఎప్పుడూ గంటెలోకి పోయే ఆ ముసలి గుండును ఆ రోజు నా చేతిలో పెట్టాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది. తరువాత గోడవతలికి పోయి, నా పలక వెతికి తెచ్చి, ధోవతితో తుడిచి ఇచ్చాడు. ఆ అచ్చును మళ్ళీ ఎప్పుడూ బయటికి తీయలేదు.

ఆ ఏడు జొన్న మాకు దక్కలేదు. మంచె మీద కూర్చుని ఆయన రేకు డబ్బా వాయించేవాడు. పందులు నాలుగు రోజులు బెదిరాయి, ఐదో రోజు నుంచి లెక్కచేయలేదు. కోతకు వచ్చేసరికి చేను తొక్కిన బురదలా ఉంది. అడవి అంచు చేను బీడు పెట్టి, మా బాపు బల్లార్‌పూర్ వైపు బొగ్గుబావి పనికి పోయాడు. మా బాపమ్మ మాత్రం తాతను తిట్టని రోజు లేదు. చేతగాక బందూకు అప్పజెప్పి వచ్చాడనేది. ఇల్లు ముంచాడనేది. ఆయన తలవంచుకుని వినేవాడు. నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేసేవాడు. నేను కూడా పిరికిదాన్నై ఊరుకున్నాను.

మూడో ఏడు ఆయన పోయాడు. మూడో రోజున, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకులు ముట్టాలని చూస్తాం కదా, పిట్టకు పెట్టడం అంటాం. బాపమ్మ విస్తరి పక్కన గిన్నెలో ఇప్పసారా పోసింది. ఎంతసేపైనా కాకి వాలలేదు. "గా బందూకు మీదనే పానముంచుకున్నడేమో. ఎందుకిచ్చిండో, ఎందుకిచ్చిండో" అని ఆమె నెత్తి కొట్టుకుంది. అప్పుడు నా వల్ల కాలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను.

ఆమె నన్ను కొట్టలేదు. సారా పోసిన గిన్నె వైపు చాలాసేపు చూసింది. "చెవుడు గదా, ఇనబడదని ఇంకింత గట్టిగ తిట్టిన గదనే" అంది.  ఆ సాయంత్రం బట్టీ కుండలు తానే బయటికి మోసుకొచ్చి పగలగొట్టింది.

నేను బడి మానలేదు. తరువాత ఆ మరాఠీ బడిలోనే పంతులమ్మనై ముప్పై ఏళ్ళు చెప్పాను. తెలుగిళ్ళ పిల్లలు, గోండు పిల్లలు, గనుల పనికి వచ్చినవాళ్ళ పిల్లలు మొదటిసారి నోరు తెరిచి తప్పు మాట అంటే, మిగతావాళ్ళు గొల్లుమనేవాళ్ళు. నాకు కోపం లేకపోలేదు, చాలా విషయాల్లో చండశాసనురాలినని పేరు. కానీ ఆ ఒక్క తప్పుకు ఏ పిల్లనూ, పిల్లాడినీ ఒక్క మాట అనలేదు. నవ్వినవాళ్ళను మాత్రం ఊరుకోలేదు.

ఆ గుండు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాన్ని నేను ముసలిదని ఎక్కిరించాను, ఇప్పుడు పక్కన పెట్టి చూస్తే ముడతల్లో నాదే పైచేయి. మా తాత జీవితంలో ఎన్ని గుండ్లు పోశాడో తెలియదు. అన్నీ పందుల కోసం పోశాడు. ఇది ఒక్కటి, బందూకు పోయాక, నా కోసం పోశాడు.