చొక్కా గుండీ మీద పడిన ఫోకస్

ఈ రోజు పొద్దున చొప్పదండిలోని మా స్టూడియోకు రాజవ్వ వదినె వచ్చింది. మా ఎదురుగా సైకిల్ పంక్చర్లు వేసే మల్లేశం అన్న భార్య. అన్న పోయి ఆరు రోజులైంది. దినాల నాడు పెట్టడానికి ఫోటో పెద్దది చేసి ఇవ్వమంది. ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఆయనకున్న ఫోటో ఒక్కటే, పోయిన నెల నేను సరదాగా తీసింది.

నా పాత లెన్సుకు ఆటో ఫోకస్ ఉండదు, రింగు చేత్తో తిప్పుకోవాలి. ఆ రోజు కెమెరా చిన్న తెర మీద అంతా స్పష్టంగానే కనిపించింది. జూమ్ చేసి కళ్లు సరిచూసుకోలేదు. ఇప్పుడు కంప్యూటర్‌లో తెరిస్తే, చొక్కా గుండీకి కుట్టిన దారం పోగుతో సహా కనిపిస్తోంది. కళ్లు మాత్రం మసక.

"జర కండ్లు సాఫ్ చెయ్యరాదా తమ్మీ?" అంది వదినె.

"చెయ్యొచ్చు. కానీ గవి కంప్యూటర్ గీసిన కండ్లయితయి వదినె, అన్నయి కావు" అన్నాను.

ఆమె తెర దగ్గరికి వంగి చూసింది. "వద్దు తియ్యి. ఎవలియో కండ్లు వెట్టుకొని నేనేం జెయ్యాలె? గట్లనే ఇయ్యి."

అలాగే ప్రింటు తీసి, ఫ్రేము కట్టి ఇచ్చాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. లెన్సు పాతదైపోయిందన్నాను. ఆమె నమ్మింది.

పాత లెన్సులంటే మురిసిపోయే మిత్రులారా, బటన్ నొక్కే ముందు మీరైనా కళ్లు జూమ్ చేసి చూసుకుంటున్నారా? పది క్షణాల పని. ఆ రోజు నేను చెప్పినంతసేపూ మల్లేశం అన్న కదలకుండానే కూర్చున్నాడు.