గడువుకు సమ్మె లేదు

జనగామ బస్టాండు ఎదురుగా జిరాక్సు మిషను పెట్టుకుని, దరఖాస్తులు రాసిచ్చే ఇక్బాల్‌కు ఒకటే గర్వం. తన చేతిలో పడ్డ కాగితం గడువు దాటదని. ఆ పేరు వినే బచ్చన్నపేట దగ్గరి తండా నుంచి జాల్యా తన పేటెంటు కాగితాలు తెచ్చి ఆయనకు అప్పగించాడు.

నడుం వంచకుండా పత్తికట్టె పీకే పనిముట్టు చేశాడు జాల్యా. ముందు మన దేశంలో, ఏడాది లోపే విదేశాల్లో, హైదరాబాదు వకీలు దరఖాస్తులు పెట్టించాడు. ఇక మొదటి దరఖాస్తుకు ముద్ర వేసిన నకలు విదేశీ ఆఫీసుకు అక్టోబరు మొదటి వారంలోగా చేరాలి. లేకపోతే ఆ మొదటి దరఖాస్తు తేదీ బయటి దేశాల్లో చెల్లదు. చెన్నై పేటెంటు ఆఫీసు నుంచి ఆ నకలు ఇక్బాల్ చేతికి వచ్చింది కూడా, పోస్టులో వేయడమే మిగిలింది.

అంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, పరీక్షలు వెనక్కి జరిగాయి. సమ్మె శిబిరంలో ఇక్బాల్ మైకు పట్టాడు. జాల్యా రెండుసార్లు నడిచి వచ్చాడు.

"అన్నా, గా కాయితం పంపినవా?"

"తెలంగాణ అంత బందైతే తారీకు ఎట్ల నడుస్తది? సమ్మె అయినంక అన్ని జరుపుతరు. పరేషాన్ గాకు."

లోకంలోని తారీకులన్నీ జనగామ చెప్పుచేతల్లో ఉన్నట్టు చెప్పాడు పెద్దమనిషి. శిబిరం పక్కనే కేంద్రం వాళ్ళ పోస్టాఫీసు తెరిచే ఉంది. ఆ విదేశీ ఆఫీసుకు మన ఊరి పేరైనా తెలియదు.

సమ్మె ముగిశాక వకీలు ఫోను చేశాడు. గడువు దాటింది. జాల్యా మొదటి దరఖాస్తుకు తర్వాత, విదేశీ దరఖాస్తుకు ముందు, ఎవరో అలాంటి పనిముట్టుకే అక్కడ దరఖాస్తు పెట్టారట. ఇక బయటి దేశాల్లో ముందువాళ్ళు వాళ్ళే. ఇక్బాల్‌కు తల కొట్టేసినట్టయింది.

తండాకు పోయి చెప్పాడు గానీ, సగమే చెప్పాడు. "సమ్మెల పోయింది జాల్యా."

జాల్యా గోడకు ఆనించిన పనిముట్టు వైపు చూశాడు. "పోనీ అన్నా. తెలంగాణ కోసం పోరగాండ్లు పానాలే ఇచ్చిండ్రు. నాది ఇనుప ముక్కనే గదా."

జాల్యా భార్య బుచ్చి చాయ్ తెచ్చిస్తే, ఇక్బాల్ ఆమె మొహం చూడలేక గబగబా తాగేశాడు.

ఉద్యమం కోసం నష్టపోయినవాడని సమ్మె ముగిసినా ఎత్తని శిబిరంలో తర్వాతి వారం జాల్యాకు దండ వేశారు. ఆ సంగతి మైకులో చెప్పమని ఇక్బాల్‌నే పిలిచారు. తప్పు నాదే అన్న మాట నాలుక దాకా వచ్చింది. ఎదురుగా వందమంది. సిగ్గు ఆ మాటను మింగేసింది. సమ్మె పేరే చెప్పి దిగాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా జాల్యా కొట్టాడు.