రెండు కాళ్ళ దుప్పి

తోలు తీయడంలో ఎర్రయ్యంతటివాడు అర్ధవీడు చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఈ మాట ఆయన ఏనాడూ చెప్పుకోలేదు, చెప్పుకోవాల్సిన అవసరమూ రాలేదు. మార్కాపురం నుంచి, పొదిలి నుంచి తుపాకులు భుజాన వేసుకుని నల్లమలకు వేటకొచ్చే మారాజులంతా దుప్పి పడగానే తిన్నగా ఆయన గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. ఇంకొకడి చేతిలో పెడితే తోలు జల్లెడై తిరిగొచ్చేది మరి! ఎర్రయ్య తీసిన తోలును ఎండకు పట్టి చూస్తే గుండు చేసిన చిల్లే తప్ప కత్తి చేసిన చిల్లు కనిపించేది కాదు.

మనిషి మాత్రం ముక్కోపి. మేకలు కాచుకునే ఇల్లు, నాలుగెకరాల మెట్ట, నోటినిండా పట్టింపులు. అడివిలో అది చేయకూడదు, ఇది చేయకూడదు అంటూ ఆయన చెప్పే మాటలన్నీ ఏకరువు పెట్టడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఊళ్ళో కుర్రకారు వెనక నవ్వుకునేవాళ్ళు. కొడుకు కాశయ్య మాత్రం నవ్వేవాడు కాదు. ఇద్దరు పిల్లల తండ్రయినా, నాయన మాటంటే వాడికి వేదం.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, కార్తీక మాసంలో ఒక పొద్దున ఎర్రయ్య చెవులు రెండూ వీధి వైపే ఉన్నాయి. ముందు రోజు ఉదయం మేకలకు కొమ్మ కొట్టుకొస్తానని అడివికి పోయిన కాశయ్య ఇంకా ఇంటికి రాలేదు.

"పోయి చూసిరా పోయ్యా," అంది భార్య మాలకొండమ్మ. అలా అనడం అది నాలుగోసారి.

"ఏందే నీ గోల? వాడేమన్నా చంకలో బిడ్డా? పొద్దుగూకిందని యాడన్నా రాతి కింద పండుకునుంటాడు. మంచు విడిస్తే వాడే వస్తాడు," అని కసురుకున్నాడు ఎర్రయ్య. కసురుకున్నాడు గాని, పొద్దుటి నుంచి గంజి ముట్టలేదు.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది.

దిగినవాడు కరుణాకరం. మార్కాపురంలో పలకల గనులు కాంట్రాక్టుకు తీసుకుని పైకొచ్చిన మనిషి. ఏటా చలికాలంలో జోడు తుపాకి పట్టుకుని ఈ కొండల కింద తిరక్కపోతే ఆయనకు నిద్ర పట్టదు. జీపు వెనక గోనెపట్టా మీద దుప్పి ఉంది. కుర్ర మగది, జానెడు కొమ్ములు.

"ఒక్క దెబ్బకే ఎర్రయ్యా! తెల్లారగట్ల నక్కల వంక పక్కన కొట్టినా. తోలు జాగ్రత్త, ముందరింట్లో గోడకు పెట్టాల," అన్నాడు కరుణాకరం మీసం తుడుచుకుంటూ.

డ్రైవర్ పిచ్చయ్య మాత్రం స్టీరింగు వదల్లేదు. దిగమంటే దిగలేదు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది.

"వానికేమయింది?" అని అడిగాడు ఎర్రయ్య.

కరుణాకరం పకపకా నవ్వాడు. "జడుసుకున్నాడు. దుప్పి రెండు కాళ్ళ మీద నడిచొచ్చిందంట!"

"నవ్వబాకండి సామీ," అన్నాడు పిచ్చయ్య లోపల్నుంచే. "నేను కళ్ళారా చూసినా మామా. పొదల పైన దాని తలకాయి మెల్లంగా వస్తా ఉండాది. మెడ నిటారుగా ఎత్తుకోనుంది. చెవులాడల్లేదు, రెప్పాడల్లేదు. పొద సందులో కాళ్ళు అవపడినాయి. రెండే మామా, మనిషి కాళ్ళు. సామి కొట్టినాక అది అరిచింది చూడు... దుప్పి అరుపు కాదది. గుడికి పోయి దిష్టి తీపిచ్చుకునేదాకా నేను దాని దగ్గరికి రాను."

"మరి జీపులోకి ఎవురెత్తినారు?"

"ఇంకెవరు, నేనే ఈడ్చుకొచ్చినా. ఈ పిరికిగొడ్డు బండి కాడికి ఒకటే పరుగు," అన్నాడు కరుణాకరం. నవ్వుతున్నాడే గాని, ఆ నవ్వు కూడా కొంచెం ఎక్కువగానే ఉంది.

ఎర్రయ్య దుప్పిని దించుకున్నాడు. దించుకుంటుంటేనే చేతులకు ఏదో తేడా తెలిసింది. తెల్లవారుజామున పడిన జీవం పొద్దు బారెడెక్కేసరికి ఇంతగా బిగుసుకుపోదు. ఇది కర్రలా ఉంది. పైగా నాలుగు కాళ్ళూ చాచుకుని బిగుసుకోలేదు. ముందుకు వంగి, ఎవరినో వాటేసుకున్నట్టు బిగుసుకున్నాయి. పొట్ట కూడా ఉబ్బింది. ఎండ తగలని మంచులో రెండు గంటలకే పొట్ట ఉబ్బడమేమిటి? అనుకున్నాడు గాని బయటికి అనలేదు.

దిరిసెన చెట్టు కొమ్మకు తాడు వేసి, వెనక కాళ్ళ నరాల సందున కర్ర దూర్చి, తలకిందులుగా వేలాడగట్టాడు. కత్తిని అరచేతి మీద రెండుసార్లు నూరి పనిలోకి దిగాడు.

చూడనివాళ్ళకు తెలియదు గాని తోలు తీసేది కత్తి కాదు, పిడికిలి. కత్తికి నాలుగు గీతల పనే ఉంటుంది. వెనక కాళ్ళ మడమల పైన చుట్టూ ఒక గీత. అక్కడి నుంచి తొడల లోపలి వైపుగా కిందికి ఒక్కో గీత. అవి కలిసిన చోటి నుంచి పొట్ట మీదుగా గుండె దాకా ఒక పొడుగాటి గీత. అది కూడా కత్తి మొనను పైకి తిప్పి, రెండు వేళ్ళు కింద ఆనించి గీయాలి. లేకుంటే పేగు తెగి మాంసమంతా పాడవుతుంది. ఆపైన కత్తిని పళ్ళ మధ్య పట్టుకుని, పిడికిలి బిగించి తోలుకూ కండకూ నడుమ పొరలోకి నెట్టుకుంటూ పోవాలి. ఒక చేత్తో లాగడం, ఒక చేత్తో నెట్టడం. పొర తడి చప్పుడు చేస్తూ విడిపోతుంది. తోక దగ్గర తొందరపడ్డవాడు, డొక్క దగ్గర బలం చూపినవాడు ఆ తోలు మీద ఆశ వదులుకోవాల్సిందే.

డొక్కలు దాటి, కుడి భుజం దగ్గరికి వచ్చాడు ఎర్రయ్య. అక్కడే గుండ్లు తగిలాయి. పదో పన్నెండో చిల్లులు. తోలు వెనక్కి తిప్పి చూసి, చెయ్యి తీసేశాడు.

బతికున్న జీవానికి గుండు తగిలితే చుట్టూ రక్తం పరుచుకుని, నేరేడుపండు నలిపినట్టు గడ్డకట్టి ఉండాలి. ఇక్కడ చుక్క లేదు. తోలు లోపలి వైపు పాలమీగడలా తెల్లగా ఉంది. సీసపు గుండ్లు కండలో గుచ్చుకుని చల్లగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో ఎన్నో చూసిన మనిషికి ఇది అర్థం కాకపోలేదు. తుపాకి పేలేసరికే ఈ దుప్పి చచ్చిపోయి ఉంది. నిన్న మాపటికే చచ్చిపోయింది.

"సామీ, ఇది నడిచొచ్చిందా? నువ్వు చూసినావా?" అని అడిగాడు కత్తి చేతిలోకి తీసుకుని, గొంతు తగ్గించి.

"చూడకుండా కొట్టినానా? నడిచే వచ్చింది. ఏం?"

ఎర్రయ్య కత్తిని మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. చచ్చిన జీవం మెడ ఎత్తుకుని మంచులో నడిచి రావడం కళ్ళకు కట్టినట్టయింది. దండం పెట్టి వదిలేసి లోపలికి పోదామా అనుకున్నాడు. కానీ సగం తీసిన తోలును వదలడం ఆయన చేతులకు అలవాటు లేదు. అవే తోలును మెడ కిందికి లాగాయి.

మెడ చుట్టూ నల్లటి గీత. వేలు మందాన, రక్తం కమిలి, మాలలాగా ఉంది. పైన వెంట్రుక చెదరలేదు, లోపల మాత్రం ఉరి పడింది. ఉచ్చు!

ఇంకా కిందికి లాగాడు. దవడ కింద, గొంతు మొదట్లో, తోలు ఒరుసుకుపోయి ఉంది. ఆ ఒరిపిడిలో పచ్చటి బెరడు తునకలు అంటుకుని ఉన్నాయి.

ఎర్రయ్య నోట్లోంచి కత్తి కింద పడింది.

ఉచ్చులో ఉరిపడి చచ్చిన జీవం మెడ వేలాడకూడదు, వేలాడితే ఆ ఉరి మోసేవాడి మెడకు చుట్టుకుంటుంది. అందుకని దాన్ని భుజాల మీద వేసుకున్నప్పుడు దవడ కింద పంగల కర్ర ఊతగా పెట్టి, తల నిలబెట్టి తీసుకురావాలి. ఈ పట్టింపు ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఎర్రయ్య తాత నుంచి ఎర్రయ్యకు వచ్చింది. ఎర్రయ్య నుంచి ఒక్కడికే పోయింది.

పొదల పైన కనపడింది దుప్పి తల. పొద సందులో కనపడినవి కాశయ్య కాళ్ళు.

"ఏమే! ముంతతో నీళ్ళు తీసుకోని రా. జీపెక్కు," అని కేకేశాడు. ఆ కేక తనదిలాగే లేదు.

మాలకొండమ్మ పరుగున వచ్చింది. "ఏందయ్యా? ఏమయింది?"

ఆయన నెత్తుటి చేత్తో ఆమె రెక్క పట్టుకుని జీపెక్కించాడు. అప్పుడు కరుణాకరం వైపు తిరిగాడు. "సామీ, నువ్వు కొట్టింది దుప్పిని కాదు. దుప్పిని మోసుకొచ్చేవాణ్ణి. వాడు నా కొడుకు."

కరుణాకరం మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "నా బిడ్డల మీద ఒట్టు ఎర్రయ్యా, నాకు దుప్పే కనపడింది... దుప్పే..." అంటూనే ఉన్నాడు. బండి కదిలాక కూడా అంటూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. పిచ్చయ్య ఏడుస్తూ బండి తోలాడు. మాలకొండమ్మ మాత్రం ముంతలో నీళ్ళు ఒలికిపోకుండా రెండు చేతులతో పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది.

నక్కల వంక దగ్గర మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. బండి దిగి అర మైలు నడవాలి. ముందు కరుణాకరం దారి చూపించాడు, తర్వాత ఎర్రయ్యకు దారి చూపించేవాళ్ళు అక్కర్లేకపోయారు. రాళ్ళ మీద నెత్తురు ఉంది. ఆ పక్కన పంగల కర్ర పడి ఉంది. అక్కడి నుంచి వంకలోకి పరికి కంపలు విరిగి, రాళ్ళు దొర్లిన జాడ ఉంది. కిందికి చూస్తే రెండు నిలువుల లోతు. అంతా పొదలు, పొదల మీద తెల్లగా మంచు. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు.

"కాశయ్యా!" అని పిలిచాడు.

పలకలేదు.

"ఒరే కాశయ్యా!"

పలకలేదు. అవతలి గట్టు ఆ పేరును కొంచెం సాగదీసి తిరిగి పంపించింది, అంతే.

"పిలువయ్యా, ఇంకోసారి పిలువు," అంది మాలకొండమ్మ.

ఎర్రయ్య కదల్లేదు. అడివిలో నీ పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకు పలక్కు, రెండో పిలుపుకూ పలక్కు. దయ్యం రెండుసార్లే పిలుస్తుంది. అదే గొంతు మూడోసారి పిలిస్తేనే మనిషి. ఈ మాటా కొడుక్కి తనే నేర్పాడు. కాబట్టి ఈ రెండు పిలుపులకు పలక్కపోవడంలో ఆశ ఉంది. మూడోదానికి పలక్కపోతే ఇంకేం మిగలదు. ఆ సంగతి తెలిసినవాడికి నోరెలా వస్తుంది? పక్కనున్న బండ మీద అలాగే కూలబడ్డాడు. పిలవనంతసేపూ కొడుకు బతికే ఉంటాడనిపించింది.

"నేను పిలుస్తా," అని లేచింది మాలకొండమ్మ.

"వద్దే! పిలిచిన గొంతే పిలవాల," అన్నాడు. అని, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"కాశయ్యా! నేన్రా, మీ నాయన్ని!"

ఏమీ లేదు. మంచు, గట్టు, తన గుండె చప్పుడు. తర్వాత కింద ఎక్కడో ఒక రాయి దొర్లింది.

"ఆఁ... నాయనా..."

ఎర్రయ్య వంకలోకి ఎలా దిగాడో ఆయనకే తెలియదు. పరికి ముళ్ళు ఒళ్ళంతా చీరేశాయి. కాశయ్య ఒక పొద మొదట్లో మోచేతి మీద ఒరిగి ఉన్నాడు. ఎడమ భుజంలో నాలుగైదు గుండ్లు దిగాయి, కుడి కాలు మడమ దగ్గర విరిగి పక్కకు తిరిగింది. మిగతా గుండ్లన్నీ దుప్పే తిన్నది. బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు నాయనా, కొడుకు బతికే ఉన్నాడు!

"మొదుట్నే పలకరాదంట్రా దొంగనాయాలా! నా పానాలు తోడేసినావు గదరా!" అని తిట్టాడు. తిడుతూ ఏడ్చాడు. ఏడుస్తూ కొడుకు తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నువ్వే గద నాయనా చెప్పింది, మూడోసారికి గాని పలకొద్దని," అన్నాడు కాశయ్య. పెదవులు తెల్లబడి ఉన్నాయి. "పడినాక నేనే పిలిచినా వాళ్ళను. ఎవురూ పలకల్లేదు. ఉరికిపోయినారు."

పైన గట్టు మీద పిచ్చయ్య గొల్లుమన్నాడు. కరుణాకరం దిగి చెయ్యి అందివ్వబోతే ఎర్రయ్య ఆ చేతిని తోసేశాడు. కొడుకుని వీపు మీదికి ఎత్తుకున్నాడు. కాశయ్య తల ఆయన భుజం మీద వాలి, వేడి ఊపిరి చెవికి తగిలింది. ఒక్కో రాయీ పట్టుకుని పైకి ఎక్కుతూ, రొప్పుతూ, ఎర్రయ్య చెవి పక్కనున్న కొడుకుతోనే మాట్లాడాడు.

"నేను చెప్పినవన్నీ మరిచిపో నాయనా. ఒక్కటి కూడా గుర్తు పెట్టుకోవాకు. ఇంక ఎవురన్నా పిలిస్తే పలుకు. మనిషా, దయ్యమా అని చూడబాకు. పలుకు, అంతే."

"సరే నాయనా," అన్నాడు కాశయ్య.

"కాశయ్యా," అని పిలిచాడు ఎర్రయ్య, ఇంకో రాయి ఎక్కి.

"ఆఁ."