పెన్సిలుతో రాసిన పద్నాలుగు

మేడ్చల్ వైపున్న ఆ యూనివర్సిటీ మొన్నమొన్నటి దాకా కాలేజీయే. గేటు మీద బోర్డు మారింది, ఐడీ కార్డు తాడు రంగు మారింది, ప్రిన్సిపాల్ గారు డీన్ గారయ్యారు. మారనిది ల్యాబ్ రికార్డు ఒక్కటే.

కంప్యూటర్ సైన్స్ చదివే భాగ్యం కలగని వారి కోసం రికార్డు మహిమ కొంత చెప్పాలి. కంప్యూటర్‌లో నడవాల్సిన ప్రోగ్రాంను విద్యార్థి ముందు గట్టి అట్ట పుస్తకంలో, కుడి పేజీన, నీలి సిరాతో రాయాలి. అది నడిస్తే తెర మీద ఏమి కనబడుతుందో ఎడమవైపు తెల్ల పేజీన పెన్సిలుతో రాయాలి. నడిచిందా లేదా అని ఎవరూ అడగరు. సీనియర్ రికార్డులో ఏముంటే అదే మనమూ రాస్తాం; ఆ సీనియర్ తన సీనియర్‌ది చూసి రాసి ఉంటాడు. మొదట రాసిందెవరో తెలియదు. సెక్షన్‌లోని అరవై ముగ్గురూ దాన్ని అపౌరుషేయమనే నమ్మేవారు.

ఆ అరవై ముగ్గురిలో హరిచందన ఒకతి. వాళ్ల నాయిన మొగులయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి, ఎక్సెల్ మోపెడ్ వెనక థర్మకోల్ డబ్బా కట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతాడు. ఆమె మాత్రం ఒక బస్సు, ఒక షేర్ ఆటో మారి రోజూ యూనివర్సిటీకి చేరుతుంది. మొదటి ఏడాది చక్కగా పాసైంది. రెండో ఏడాది డెంగ్యూ వచ్చి, ఒక సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులను తనతో తీసుకుపోయింది. మూడో ఏడాదిలో అడుగు పెట్టాలంటే ఇన్ని క్రెడిట్లు ఉండాలని యూనివర్సిటీ నియమం. లెక్క చూసుకుంటే ఆమెకు సరిగ్గా ఒకటిన్నర తక్కువ. ల్యాబ్ పరీక్ష విలువ కూడా సరిగ్గా ఒకటిన్నర. అది పాసైతే పై తరగతి, పోతే డిటెయిన్. డిటెయిన్ అంటే ఏడాది పాటు జూనియర్ల మధ్య కూర్చుని, విన్న పాఠాలే మళ్లీ వినడం. ఇంట్లో ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి ఆమె పరీక్షకు మూడు రోజుల ముందే ఎవరూ చేయని పని చేసింది. రికార్డులోని పన్నెండు ప్రోగ్రాములనూ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లో కొట్టి నడిపి చూడటం మొదలుపెట్టింది. ఆరు దాకా ఏ గొడవా లేదు. ఏడో దగ్గర ఆగిపోయింది.

ఏడోది దగ్గరి తోవ వెతికే ప్రోగ్రాం. ఎ, బి, సి, డి, ఇ అని ఐదు ఊళ్లు, వాటి మధ్య దారుల దూరాలు. ఎ నుంచి ఇ కి పోవడానికి అన్నిటికన్నా తక్కువ దూరం ఎంత? రికార్డులో పెన్సిలుతో గుండ్రంగా రాసి ఉంది: పద్నాలుగు. తెర మీద పదకొండు వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ పదకొండు. పక్క కంప్యూటర్‌కు మారింది. అదీ పదకొండే అంది.

"అరె, గంతేనా?" అంది పక్కన కూర్చున్న అనం. అనం ఊరు కూడా శామీర్‌పేటే, ఇద్దరిదీ ఒకే బస్సు. "ఆఖర్ల ఒక లైన్ కలుపు, పద్నాలుగు ప్రింట్ అయితది. మా సీనియర్లు గట్లనే జేసిండ్రు, వాళ్ల సీనియర్లు గట్లనే జేసిండ్రు."

"మరి పదకొండు వచ్చే లైనో?"

"దాన్ని తీసెయ్. నీకు కంప్యూటర్ మీద గంత నమ్మకం ఏందే? రికార్డు మీద రవీందర్ సర్ సంతకం ఉంది. కంప్యూటర్ మీద ఉందా?"

రవీందర్ సర్ ఈ కాలేజీలోనే చదివి, ఈ కాలేజీలోనే చేరి, కాలేజీతో పాటు తానూ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఎదిగినవాడు. అరవై మూడు రికార్డుల్లో ప్రతి పద్నాలుగు కిందా ఆయన ఎర్ర సంతకం ఉంది. అయినా హరిచందన వెళ్లి ఆయన్నే అడిగింది. ఆయన తల ఎత్తలేదు.

"రికార్డుల ఏమున్నదమ్మా?"

"పద్నాలుగు, సర్."

"మరి?"

"నాకు పదకొండొస్తాంది, సర్."

"పోయినేడు ఒకడు గిట్లనే కొత్త ఔట్‌పుట్ తీసుకొచ్చిండు. ఎక్స్‌టర్నల్ వచ్చినాయన, రికార్డుతో కలుస్తలేదని ఫెయిల్ చేసి పోయిండు. నీకు అసలే క్రెడిట్లు తక్కువున్నయ్. ఎందుకమ్మా, ఈ ప్రయోగాలు?"

ప్రయోగాల పుస్తకం మీద సంతకాలు చేస్తూనే ఆయన ఈ మాట అన్నాడు.

పరీక్ష రోజు తెల్లారి మొగులయ్య డబ్బాలో ఐసు పరిచి చేపలు సర్దుతుంటే, హరిచందన వెళ్లి అటుకుల చుడువ కట్టిన పొట్లం కాగితం మీద ఐదు చుక్కలు పెట్టి చూపించింది.

"నాయినా, ఎ అంటే మన ఇల్లనుకో. ఇ అంటే మేడ్చల్ అనుకో. బి మీదికెళ్లి పోతే ఐదు, మళ్ల తొమ్మిది. సి మీదికెళ్లి పోతే మూడు, డి కాడికి రెండు, ఆడికెళ్లి ఆరు. నువ్వెట్ల పోతవ్?"

మొగులయ్య బొచ్చె చేపను చేతిలో పట్టుకునే చూశాడు. "గీ సి దిక్కుకెళ్లి."

"దాంట్ల రెండూళ్లు ఆగాలె గదా. బి దిక్కు ఒక్క ఊరే."

"ఊళ్లెక్కువుంటే ఏమాయె, బేరం ఎక్కువుంటది. ఇది పదకొండు, అది పద్నాలుగు. అటు తిరిగిపోతే ఐసు కరిగిపోతది బిడ్డా." డబ్బా మూత పెట్టి అడిగాడు, "గీ లెక్క కోసం ఇంత పెద్ద చదువు పెట్టిండ్రా?"

"అవ్ నాయినా."

"మరి రాలేదా మీకు?"

ఆమె బస్సు వస్తుందని చెప్పి లేచింది.

పరీక్ష పది గంటలకు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేరే కాలేజీ నుంచి సరళ మేడం వచ్చారు. ఆమె ముందు ఆచారం ప్రకారం జీడిపప్పు, బిస్కెట్లు, సమోసా, వాటి పక్కన ఒక కాగితం పెట్టారు. పన్నెండు ప్రయోగాలకూ రావాల్సిన జవాబులు ఆ కాగితం మీద ఉన్నాయి. రవీందర్ సర్ స్వయంగా టైపు చేయించారు. ఏడో దాని ఎదురుగా ఏమి ఉందో చెప్పనక్కరలేదు. ఒంటిగంటకు బిర్యానీ వస్తుంది. అప్పటికి అందరినీ చూడటం ముగించాలి.

చీటీలు తీశారు. హరిచందన తన చీటీని అరచేతిలోనే విప్పింది. ఏడు.

ఇంకో తొమ్మిది మందికి కూడా ఏడే వచ్చింది. వాళ్లలో అనం ఒకతి. అనం అరగంటలో ప్రోగ్రాం కొట్టి, ఆఖరు లైను చేర్చి, పద్నాలుగు తెప్పించింది. సరళ మేడం కాగితంతో పోల్చుకుని టిక్కు పెట్టారు. రెండో వాడిదీ పద్నాలుగు, టిక్కు. మూడో అమ్మాయిదీ అంతే. పద్నాలుగు చొప్పున ఒక్కొక్కరూ బయటికి పోతున్నారు.

హరిచందన తెర మీద పదకొండు వచ్చి ఇరవై నిమిషాలైంది. ఆమె చేయి ఎత్తలేదు. జవాబు పత్రంలో ఔట్‌పుట్ రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. పదకొండు రాస్తే ఆ కాగితంతో కలవదు. కలవకపోతే ఒకటిన్నర క్రెడిట్ పోతుంది. ఒకటిన్నర పోతే ఏడాది పోతుంది. ఈ దారికి ఇంకో అడ్డదారి లేదు. ఆమె రెండు వైపుల నుంచీ చూసింది.

పన్నెండు నలభై. రవీందర్ సర్ వరుసల మధ్య నడుస్తూ ఆమె వెనక ఆగాడు. తెర చూశాడు. వంగి నెమ్మదిగా అన్నాడు: "పది నిమిషాలున్నయ్. జల్దీ చెయ్ తల్లీ. అందరు ఏం రాసిండ్రో అదే రాయి."

ఆమె ఆఖరు లైను చేర్చింది. రన్ నొక్కింది. తెర మీద పదకొండు వచ్చింది, దాని కింద పద్నాలుగు వచ్చింది. పదకొండు ఇచ్చే లైను తీసేయడం మరిచింది. దాని కోసం పైకి వెతుకుతుండగా కుర్చీ వెనక చెప్పుల చప్పుడు ఆగింది.

"ఇదేంటమ్మా, రెండు జవాబులున్నాయి?" అన్నారు సరళ మేడం.

హరిచందన లేచి నిలబడింది.

"ఇందులో నీది ఏది?"

మేడం భుజం వెనక రవీందర్ సర్ నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో ఆ కాగితం ఉంది. బొటనవేలు ఏడో వరుస మీద ఉంది. కళ్లతో చెప్పగలిగినంతా చెప్పాడు. ఫ్యాను తిరుగుతోంది. ఇంకా లోపలున్న నలుగురూ కీబోర్డుల మీద చేతులు ఆపారు.

"పదకొండు, మేడం."

"మేడం, ఎక్స్‌పెక్టెడ్ ఔట్‌పుట్ పద్నాలుగే," అన్నాడు రవీందర్ సర్. "ఈ అమ్మాయి కొంచెం పరేషాన్‌ల ఉన్నది. డెంగ్యూ వచ్చింది పాపం."

"ఎప్పుడు వచ్చింది?"

"పోయిన సెమిస్టర్‌ల."

సరళ మేడం ఆ జ్వరానికీ ఈ అంకెకూ సంబంధమేమిటో ఆలోచించి, వదిలేశారు. "మరి పద్నాలుగు ఎక్కడిది?"

"నేనే లైన్ పెట్టిన, మేడం."

"ఎందుకు?"

ఇక్కడ హరిచందన చాలా చెప్పొచ్చు. అనం పేరు చెప్పొచ్చు, సీనియర్ల పేర్లు చెప్పొచ్చు, మేడం వెనక నిలబడ్డ ఆయన మాట చెప్పొచ్చు. "భయమైంది, మేడం," అంది.

మేడం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అది మంచి సూచనో చెడ్డదో ఎవరికీ తెలియలేదు. తెల్ల కాగితం ముందుకు తోశారు. "పదకొండు ఎలా వచ్చిందో కంప్యూటర్ లేకుండా చెప్పు. తప్పితే ఈ పరీక్ష పోయినట్టే. లైను చేర్చావు కాబట్టి నేను ఊరుకోను."

హరిచందన ఐదు చుక్కలు పెట్టింది. పెన్సిలు మొన రెండుసార్లు విరిగింది. పుస్తకంలోని మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. చివరికి నోటికి వచ్చింది ఇది: "మేడం, ఇది మా ఇల్లనుకోండ్రి. మా నాయిన గిక్కడికి చేపలు తీస్కపోవాలె."

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం అటు చూస్తే ఆగిపోయింది.

"ఇటు పోతే మధ్యల ఒక్క ఊరే. దగ్గరే అనిపిస్తది. కానీ ఐదు, తొమ్మిది, పద్నాలుగు. అటు రెండూళ్లున్నయ్. మూడు, రెండు, ఆరు. పదకొండు. ఊళ్లు లెక్కపెట్టొద్దు మేడం, దూరం లెక్కపెట్టాలె. ఇంకో తోవ లేదు, అన్నీ చూసిన."

మేడం పెన్ను తీసి చుక్కల మీద తానే ఒకసారి నడిచారు. ఇంకోసారి నడిచారు. "రవీందర్ గారూ, మీరు కూడండి."

ఆయన కూడాడు. పీజీ పట్టా ఉన్న మనిషి మూడూ, రెండూ, ఆరూ కూడటానికి పట్టాల్సిన దానికన్నా చాలా ఎక్కువ సేపు పట్టింది.

"పదకొండే, మేడం," అన్నాడు.

మేడం జవాబు పత్రం మీద టిక్కు పెట్టారు. తర్వాత, ఒంటిగంటకు ఐదు నిమిషాలు తక్కువుండగా, ఆ విభాగం చరిత్రలో లేని ఆజ్ఞ ఒకటి ఇచ్చారు: ఏడో ప్రయోగం చేసిన తొమ్మిది మందినీ వెనక్కి పిలిచి, ఆఖరు లైను తీసేసి, మళ్లీ నడిపించాలి. బిర్యానీ మూత తీయకుండానే చల్లారింది. అనంను బస్టాపు నుంచి ఫోను చేసి రప్పించారు.

"నీకు దండం పెడ్తనే, పాగల్," అంది అనం కంప్యూటర్ ముందు కూలబడి. "నా బస్సు పోయింది. నిజం చెప్పాలనుకుంటే పొద్దుగాల్నే చెప్పొద్దా?"

అందరూ పోయాక రవీందర్ సర్ వరండాలో హరిచందనను ఆపాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "ఆ దినం కరెంటు లేకుండెనమ్మా."

"ఏ దినం, సర్?"

"మేం సెకండియర్ల ఉన్నప్పుడు. రికార్డు తెల్లారి ఇయ్యాలె. బొమ్మ జూస్తే అటు రెండే గీతలున్నయ్, అదే దగ్గర అనుకున్న. పెన్సిలుతోనే గదా, తర్వాత దిద్దుదాం అనుకున్న." జేబులోని ఎర్ర పెన్ను సర్దుకున్నాడు. "ఎవడో రికార్డు అడిగిండు. ఇచ్చిన."

అపౌరుషేయం అనుకున్న గ్రంథానికి ఆ విధంగా కర్త దొరికాడు. హరిచందన ఎవరికీ చెప్పలేదు. ఆయన కూడా పరీక్షలో జరిగినదానికి ఆమెను మందలించలేదు.

మూడు వారాలకు ఫలితాలు వచ్చాయి. ల్యాబ్‌లో హరిచందన పాస్. ఒకటిన్నర క్రెడిట్ ఖాతాలో చేరింది, మూడో ఏడాదిలో సీటు నిలిచింది. అనంకు ఆమె కంటే నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి. తెరపై అక్రమంగా లైను చేర్చినందుకు హరిచందనకు కోసిన మార్కులవి. అనం చేర్చిన లైను అప్పటికే తీసేశారు గనుక దానికి సాక్ష్యం లేదు.

ఆ సాయంత్రం ఆమె నాయినకు పాసైన సంగతి చెప్పింది. పనిలో పనిగా, కాకపోతే ఏమయ్యేదో కూడా చెప్పింది. మొగులయ్య డబ్బాలో మిగిలిన ఐసు నీళ్లు పారబోశాడు. తర్వాత, "మరి మీ సార్లకు తెల్వదా ఆ తోవ?" అని మాత్రం అడిగాడు.

కొత్త ఏడాది మొదటి వారంలో ఒక జూనియర్ అమ్మాయి రికార్డు అడగడానికి వచ్చింది. హరిచందన ఏడో ప్రయోగం దగ్గర పద్నాలుగు చెరిపేసి పదకొండు రాసి ఉంచింది. చెరిపిన చోట కాగితం మాసి కనబడుతోంది.

"అక్కా, ఇక్కడ దిద్దిండ్రు. గిది కరెక్టేనా?"

"రన్ చేసి చూడు."

ఆ అమ్మాయి ఆమె వంక అనుమానంగా చూసింది. "అవసరం లేదులే అక్కా," అని, పెన్సిలు తీసి, వరండా గోడ మీదే పుస్తకం ఆనించి పదకొండు రాసుకుంది.