పలక మీద ఎవరి పేరు

ఉద్యోగ విరమణకు కొన్నేళ్ల ముందు, ఒక వేసవిలో, అల్లూరుకు అవతల సముద్రతీరాన ఉన్న ఒక చిన్న పురపాలక సంఘానికి మేనేజరుగా వెళ్లాను. మేనేజరంటే కమిషనరు కింద కార్యాలయాన్ని నడిపే ఉద్యోగి. ఎవరికీ చెందని పనులన్నీ చివరికి అతని బల్ల మీదికే వస్తాయి. నేను చేరిన వారంలోనే అలాంటిది ఒకటి వచ్చింది. సంఘం ఏర్పడిన నాటి నుంచి ఏ వార్డుకు ఎవరెవరు కౌన్సిలర్లుగా ఎన్నికయ్యారో ఒక పలక మీద రాయించి సమావేశ మందిరంలో పెట్టాలని పాలకవర్గం తీర్మానించింది.

తేలిక పనే అనుకున్నాను. కానీ జనాభా పెరిగిన కొద్దీ వార్డుల హద్దులు మళ్లీ గీస్తారు. దాన్నే పునర్విభజన అంటారు. హద్దులతోపాటు నంబర్లూ మారతాయి. ఒకప్పటి ఐదో వార్డులో సగం ఎనిమిదిలోకి, సగం పదకొండులోకి పోయింది. ఐదో నంబరు మాత్రం రొయ్యల గుంటల వైపు కొత్తగా వెలసిన ఇళ్లకు దక్కింది. ఇక మాజీలు రావడం మొదలైంది. ఒకాయన తన పేరు మూడు వార్డుల కింద రాయమన్నాడు. ఇంకొకాయన తన ప్రత్యర్థి పేరు తనకంటే పైన ఉండకూడదన్నాడు. ఆ ప్రత్యర్థి ఈయనకంటే ముందు గెలిచినవాడు, నేనేం చేయను? అక్షరాల ఎత్తు కొలుస్తానని టేపు తెచ్చినవారూ ఉన్నారు. విసిగిపోయి, వార్డు నంబర్లు వదిలేసి, ఏ ఎన్నికలో ఎవరు గెలిచారో అంతే రాద్దామని కమిషనరును ఒప్పించాను.

అప్పుడొచ్చాడు దావీదు. రొయ్యల మేత వ్యాపారి, చైర్మనుకు దగ్గరి మనిషి. వెనకటి పాలకవర్గంలో, అప్పుడూ చైర్మను ఈయనే, దావీదు వార్డు మహిళలకు కేటాయించారు. భార్య సుగుణమ్మను నిలబెట్టి గెలిపించాడు. ఇప్పుడు పలక మీద ఆమె పేరుకు బదులు తన పేరు రాయమంటున్నాడు.

"పని చేసింది నేను గదా సార్. ఆమె సంతకం పెట్టింది, అంతే. ఊళ్లో ఎవర్నైనా అడగండి, కౌన్సిలర్ ఎవురంటే నా పేరే చెప్తారు."

ఎన్నికల అధికారి గెలిచినట్టు ధ్రువపత్రం ఎవరికిస్తే వారే సభ్యులని చెప్పాను. అతను వినలేదు. చైర్మను ఫోన్ చేసి, పోనీ ఇద్దరి పేర్లూ రాయమన్నాడు. కమిషనరు ఆ ఫైలు తిప్పి పంపి సెలవు పెట్టాడు. తిరిగొచ్చాక, ఆ ఒక్క గడి ఖాళీగా ఉంచితే ఏమవుతుందని నన్నే అడిగాడు. గెలిచిన మనిషి ఉండగా గడి ఖాళీగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు.

సంగతి తెలిసి సుగుణమ్మే కార్యాలయానికి వచ్చింది. ఆ రోజు చైర్మను కమిషనరు గదిలోనే ఉన్నాడు. నేను ఆమెను అక్కడికే తీసుకెళ్లాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా పేరు తీసేస్తామన్నారంట, నిజమేనా అన్నా?" అని చైర్మనును అడిగింది.

తీసేయడం కాదమ్మా, మీ ఆయన పేరు కూడా పెడదామని, అంటూ చైర్మను నసిగాడు.

"మా కాలనీ బోరింగు పక్కన ఊరి చెత్తంతా పోస్తామని మీటింగులో పెట్టినారే, గుర్తుందా? ఆయన చెయ్యెత్తమని చెప్పి పంపించినాడు. నేను ఎత్తలా. వద్దని ఒక్కదాన్నే లేచి నిలబడినాను. ఇంటికి పోయినాక రెండు నెలలు ఆయన నాతో మాట్లాళ్లా. ఆ పొద్దు కూర్చో కూర్చో అని అరిచింది నువ్వే గదన్నా. నేను కౌన్సిలర్ను కాకపోతే ఎవుర్ని కూర్చోమన్నావు?"

చైర్మను కిటికీ వైపు చూశాడు. చెత్త ఆ కాలనీకి వెళ్లలేదని, వేరే స్థలం చూశారని మా అందరికీ తెలుసు. బోరింగు నీళ్లు అక్కడివాళ్లు ఇప్పటికీ తాగుతున్నారు.

ఆమె నా వైపు తిరిగి ఇంకో మాటంది. "సార్, మీటింగు నోటీసు ఒక్కసారన్నా నా చేతికి ఇచ్చినారా మీ ఆఫీసోళ్లు? టీ అంగట్లో ఆయనకు ఇచ్చి పోయేవాళ్లు. ఆయన చెప్తేనే మీటింగుందని నాకు తెలిసేది."

ఆ సాయంత్రమే కమిషనరు ఫైలు మీద సంతకం పెట్టాడు. పలక మీద సుగుణమ్మ పేరు ఒక్కటే పడింది, ఫలానావారి భార్య అన్న మాట లేకుండా. ఆవిష్కరణకు దావీదు రాలేదు. ఆమె షేర్ ఆటోలో వచ్చి, తన పేరు చదువుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆ తరువాత పనిచేసిన రెండు ఊళ్లలోనూ, కొత్త పాలకవర్గం ప్రమాణం చేసిన రోజే ప్రతి సభ్యురాలి దగ్గరా ఆమె సొంత ఫోన్ నంబరు రాసుకునేవాణ్ణి. సమావేశం నోటీసు ఆమె చేతికే ఇచ్చి సంతకం తీసుకు రమ్మని సిబ్బందికి చెప్పేవాణ్ణి. చాలామంది భర్త నంబరే ఇచ్చేవారు. మళ్లీ అడగాల్సి వచ్చేది. సభ్యత్వం గెలిచిన రోజుతో రాదు, నోటీసు చేతికి అందిన రోజు నుంచే మొదలవుతుందని నాకు ఆ ఊళ్లో తెలిసింది.