మా అత్త, ఫోనులో డాక్టరమ్మ

ఆళ్లగడ్డలో మా వీధి మందుల షాపు మా చినమామది. గర్భం రాకుండా వాడే మాత్రలు అక్కడ అడగలేక, ఈ మధ్యాహ్నం వీడియో కాల్‌లో ఒక డాక్టరమ్మతో మాట్లాడాను. బీపీ ఎంతో చెప్పాను. "సిగరెట్ అలవాటుందా?" అని ఆమె అడగగానే వెనక నుంచి మా అత్త వచ్చేసింది.

"ఏందమ్మా, మా కోడల్ని అట్లా అడుగుతాండావ్? ఏం మాత్రలకు?"

ఇక దాచలేక చెప్పేశాను. అత్త కుర్చీ లాక్కుని ఫోను ముందు కూర్చుంది.

"మా కాలంలో నువ్వు యాడుంటివి తల్లీ? ఇద్దరితోనే ఆపేసింటి."

పక్కనే అన్నం తింటున్న మా ఆయన తలెత్తాడు. ఆయన ఐదో సంతానం.

మందుల చీటీ ఫోనుకే వచ్చింది. "ఈడ కొనాకు, నంద్యాలలో తెచ్చుకో" అంది అత్త. మా ఆయన మాత్రం ఇంకా అలిగే ఉన్నాడు. ఎలా ఓదార్చాలో మీరే చెప్పండి.